నేను లేకుండా పనిచేయాల్సిన సీడీ

అమావాస్య ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ ముందు నిలబడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? పౌర్ణమి కోసం చూసేవాళ్లుంటారు, పండుగ కోసం చూసేవాళ్లుంటారు. జీతం రోజు కోసం చూసేవాళ్ల సంగతి సరేసరి. నేను మాత్రం హిందూపురంలో దాదాపు ఒక ఏడాది అమావాస్య కోసం ఎదురుచూశాను. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. "అమావాస్య పూట గడప దాటేదేందిరా? నీకేమన్నా పట్టిందా?" అనేది. పట్టిన మాట నిజమే. ఏం పట్టిందో ఆమెతో చెప్పలేక, "ధర్మవరంలో మగ్గాలకు ఆ పొద్దే సెలవు మా, వాళ్లకు ఆ పొద్దే తీరుతాది" అని బ్యాగు తగిలించుకుని స్టేషన్‌కు పోయేవాణ్ని.

తొంభైల చివర్లో సంగతి ఇది. హిందూపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. మధ్యాహ్నం పిల్లలు పలచబడిన వేళ విజువల్ బేసిక్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకునేవాణ్ని. ఒకరోజు ధర్మవరం నుంచి ఒకాయన వచ్చాడు. ఇంట్లో పట్టుమగ్గాలున్నాయి, పట్టునూలు కొనే పని మీద మా ఊరికి వచ్చిపోతుంటాడు. చీర అంచు మీద ఒక బొమ్మ పడాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే బొమ్మ చీరలోకి దిగుతుంది. ఆ గళ్లు నింపే పని కంప్యూటర్లో అవుతుందా అని ఆయన అడిగాడు. ఎందుకు కాదు, భేషుగ్గా అవుతుందన్నాను. ఆ వయసులో ఏదడిగినా నా జవాబు అదే.

ఆయన ఒక షరతు పెట్టాడు. "ఒక మాటప్పా. గీసేది నా కూతురు. కంప్యూటర్ నేర్చుకొనుండాది. మా అన్నదమ్ముల ఇండ్లల్లో గూడా పెట్టుకుంటామంటాండారు. ప్రతిసారీ నువ్వొచ్చి ఎక్కించేదయితే మాకొద్దు. సీడీ పెడితే దానంతట అదే ఎక్కాల. నువ్వు రాకుండా పని కావాల."

సరేనన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆ సరే ఎంత చేదో అప్పుడు తెలియలేదు.

ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, దాన్ని ఇంకొకరి కంప్యూటర్లోకి పంపడం ఒక ఎత్తు. ప్రోగ్రాం ఒంటరిగా పోతే నడవదు. గళ్లు గీసేదానికి ఒక ఫైలు, బొమ్మను ప్రింటర్‌కు పంపేదానికి ఒక ఫైలు, రంగులు చూపించేదానికి ఇంకొకటి, ఇట్లా దాని వెనక బోలెడు బలగం ఉంటుంది. వాటన్నిటినీ మూటగట్టి, అవతలి కంప్యూటర్లో ఎక్కడ పెట్టాల్సింది అక్కడ పెట్టి రావాలి. ఆ మూటనే సెటప్ అంటారు. ఒక్క ఫైలు తగ్గినా తెర మీద ఒక చిన్న డబ్బా ఊడిపడి, ఫలానాది కనబడలేదు అని చెప్పి, అంతటితో పని ఆపేస్తుంది.

మొదటి అమావాస్యకు పాసింజర్ బండిలో పోయాను. పెనుకొండ కొండ దాటి, వేరుశనగ చేల మధ్య ఆగుతూ ఆగుతూ ధర్మవరం చేరేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. ఆ ఇంట్లో మగ్గాలు గుంటల్లో మౌనంగా ఉన్నాయి. సగం నేసిన చీరల మీద పాత పంచెలు కప్పి ఉన్నాయి. నడవలో కంప్యూటర్, దాని మీద పూలదండ, పక్కన కుర్చీలో ఆమె, ఆయన కూతురు. వేళ్లకు పెన్సిలు మసి. నన్ను చూసి లేచి నిలబడి, "సార్, మీరు ముట్టుకోకూడదంట. మా నాయన చెప్పినాడు. నేనే నొక్కుతా, మీరు ఊరికే సూడండి" అంది.

సీడీ తిరిగింది, తెర మీద నీలిగీత నిండింది. ఆమె ప్రోగ్రాం తెరిచింది. టింగుమని మోగి, గళ్లు గీసే ఫైలు లేదని డబ్బా వచ్చింది. నా ముఖం మాడిపోయింది. ఆ ఫైలు నా దగ్గర విడిగా లేదు, ఊరికి పోయి కొత్త సీడీ చేసుకుని రావాల్సిందే. ఆయన కోప్పడకుండా, "కానీలే అప్పా, వచ్చే అమావాస్యకు సూద్దాం. అన్నం తిను" అన్నాడు. చిత్రాన్నం పెట్టారు. తిరుగు బండిలో సిగ్గుపడుతూ కూర్చోవాల్సినవాణ్ని, ఎందుకో ఈల వేసుకుంటూ కూర్చున్నాను.

రెండో సారి గళ్ల ఫైలు వేసుకుని పోయాను. ఈసారి వాళ్ల అవ్వ ఎదురొచ్చింది. పోయినసారి పూజ చేయకుండా పెట్టినందుకే పనికాలేదని ఆమె నమ్మకం. సీడీని నా చేతిలోనుంచి తీసుకుని దేవుని గూట్లోకి పోయింది. తిరిగి తెచ్చేసరికి దానికి పసుపు, కుంకుమ, ఒక అక్షింత కూడా. పెట్టినామె రాతలున్న వైపు పెట్టిందా? లేదు. అద్దంలా మెరిసే వైపే ముఖమనుకుంది. ఎవరైనా ముఖానికే కదా బొట్టు పెడతారు! నేను అయ్యో అనేలోపల మనవరాలు గబగబా తీసుకుని పైటతో తుడిచింది. పసుపు అంత సులభంగా పోతుందా? డ్రైవ్‌లో పెడితే అది గరగర గొణిగి, చదవలేనని తేల్చేసింది.

"నేనేం చేసినానే?" అని అవ్వ బిక్కముఖం వేసింది.

"ఏం ల్యాదు అవ్వా. నీ బొట్టుకు కంప్యూటర్ సిగ్గుపడిపోయింది" అంది ఆమె. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. నేను మరీ ఎక్కువ నవ్వాను. ఇంకో అమావాస్య దక్కింది కదా మరి.

ఆ మధ్య రోజుల్లో ఆమె ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసేది. పొద్దున మగ్గాల చప్పుడు వెనక వినిపిస్తుంటే గొంతు పెంచి మాట్లాడేది. నేను పోస్టులో పంపిన సీడీ పెట్టి, తెర మీద వచ్చిన ఇంగ్లీషును అక్షరం అక్షరం చదివేది. ఒక ఫైలు ఉంది అంటే ఇంకొకటి లేదనేది. అది పంపితే మరొకటి.

"కొత్తల్లుని మాదిరి ఉండాది సార్ మీ సెటప్. ఎంత పెట్టినా ఇంగా ఏదో ఒకటి తక్కువయ్యిందంటాండాది" అని వెక్కిరించేది. ఫోన్ పెట్టేశాక నేను ఆ మాటను తలచుకుని తలచుకుని నవ్వుకునేవాణ్ని. నా ఎదురుగా కూర్చున్న విద్యార్థులు నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూసేవాళ్లు.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల మంటగా కూడా ఉండేది. ఎందుకంటే హిందూపురంలో ఆ సీడీ ఎక్కడ పెట్టినా గుర్రంలా పరుగెత్తేది. ఇన్‌స్టిట్యూట్‌లో నడిచింది. మార్కెట్ వీధిలో చింతపండు మండీ కంప్యూటర్లో నడిచింది. లేపాక్షి రోడ్డులో స్నేహితుని ఇంట్లో నడిచింది. ఊరంతా తిప్పి పరీక్ష చేశాను. ఇంతమంది ఇళ్లల్లో నడిచేది ఒక్క వాళ్ల ఇంట్లోనే నడవకపోతే లోపం ఎవరిది? వాళ్ల కంప్యూటర్‌దే అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాలాంటి వాణ్ని చూసే పుట్టింది.

ఆమె నాయనకు ఓపిక తగ్గిపోతోంది. పెనుకొండలో చుట్టాల ఇంటి గృహప్రవేశానికి వస్తున్నామని, కంప్యూటర్ డబ్బా కూడా తెస్తున్నామని ఫోన్ చేశాడు. "అమావాస్య దాకా కాసుకోని కూచునేది ఎవరప్పా? నువ్వు పెనుకొండకే రా. ఆడ తేల్చుకుందాం. కాకపోతే ఇంగ చాలిద్దాం" అన్నాడు. చాలిద్దాం అన్న మాటకు నా గుండె జారింది. కానీ అమావాస్య కాని రోజున ఆమె కనబడబోతోంది! బస్సులో కూర్చున్నంతసేపు ఆ రెండూ నాలో కొట్టుకున్నాయి.

పెనుకొండ బస్టాండు దగ్గర పెళ్లి పత్రికలు కొట్టే ఒక డీటీపీ షాపు ఉండేది. అక్కడి మానిటర్ కాసేపు ఇమ్మని అడిగి పెట్టుకున్నాను. ఆమె, అవ్వ ఆటోలో దిగారు. కంప్యూటర్ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ధర్మవరం నుంచి ఒళ్లో పెట్టుకునే తెచ్చిందట. వాళ్ల నాయన గృహప్రవేశం ఇంటికి పోయాడు. అవ్వ వక్కాకు వేసుకుని, గోడకానుకుని, చూస్తుండగానే కునుకు తీసింది.

సీడీ పెట్టాం. యథాప్రకారం ఏదో ఫైలు లేదంది. నేను విసుగ్గా, "చూశారా, మీ డబ్బాలోనే ఏదో ఉంది" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. అంతవరకు ఆమె కోపం నేను చూడలేదు.

"ఎప్పుడు సూడు మా డబ్బానే అంటారే! అయితే ఈ షాపాయన కంప్యూటర్లో పెట్టి సూడండి. ఆడ వస్తే నేనింగ మాట్లాడను."

పెట్టాను. షాపాయన కంప్యూటర్లో కూడా రాలేదు. తెర మీద అదే డబ్బా, అదే ఫైలు. అది సరిచేస్తే ఇంకో ఫైలు. అప్పుడు ఆ షాపాయన్ని, మీ కంప్యూటర్ ఎక్కడ కొన్నారని ఊరికే అడిగాను. అనంతపురంలో అన్నాడు. వీళ్లదీ అనంతపురమే. అప్పుడు తట్టింది. హిందూపురంలో నేను పరీక్షించిన కంప్యూటర్లన్నీ ఒకే మనిషి బిగించి ఇచ్చినవి. ఆ పుణ్యాత్ముడు ఒక్కొక్కదానికీ విడిగా ఎక్కించే ఓపిక లేక, మా ఇన్‌స్టిట్యూట్ హార్డ్‌డిస్కును ఉన్నదున్నట్టు అన్నిటిలోకి దింపేవాడు. చింతపండు మండీవాళ్లకు ఎందుకూ పనికిరాని విజువల్ బేసిక్ కూడా, దాని బలగంతో సహా, వాళ్ల కంప్యూటర్లో కూర్చుని ఉంది. అందుకే అక్కడ నా సెటప్‌కు దేనికీ లోటు రాలేదు. సెటప్ చేసేటప్పుడు నేను, ఇది ఊళ్లో అందరి దగ్గరా ఉండేదే కదా అని ఒక్కొక్క ఫైలుకు టిక్కు తీసేసేవాణ్ని. ఊరంటే నాకు హిందూపురం. హిందూపురం మొత్తం ఒకే కంప్యూటర్ అని నాకేం తెలుసు?

విషయం చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె కోపం ఎటుపోయిందో పోయింది. "పోనీలెండి సార్, మా డబ్బాకు నింద తప్పింది" అని దాని నెత్తి మీద ఒకసారి నిమిరింది. బయట టీ తెప్పించాను. అవ్వ గురక పెడుతోంది. ఆమె సంచిలోంచి ఒక గ్రాఫ్ కాగితం తీసి చూపించింది. చిన్న చిన్న గళ్లలో ఒక అంచు. కొండ మీది కోటగోడ ఎట్లా వంకర పోతుందో అట్లా పోతోంది.

"నేను గీసిన అంచు కట్టుకోని యాడో, నాకు తెలియని పెండ్లిలో, నాకు తెలియనామె తిరగాల సార్. గీసింది నేనని ఆమెకు తెలియనే కూడదు. అట్లయితేనే అది నిజంగా బాగుండాదని నాకు నమ్మకం" అంది.

నాకా మాట అర్థమైంది, నచ్చలేదు. చేసినదాంట్లోనుంచి చేసినవాళ్లు మాయమైపోవడంలో సంతోషమేముంది? నాకు మాయమవ్వాలని లేదు. నాకు ఆ షాపులో ఆ చల్లారిన టీ ముందు అట్లాగే కూర్చోవాలని ఉంది. జీవితంలో అంతకుమించిన మధ్యాహ్నం నాకు మళ్లీ రాలేదు. వాళ్ల నాయన వచ్చి, "ఏమప్పా, తేలిందా?" అని అడిగేదాకా ఆ మధ్యాహ్నం నాది.

తేలింది అన్నాను. తేలిపోయింది కాబట్టే నాకు దిగులు మొదలైంది.

ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటర్ మొత్తం తుడిచేసి, విండోస్ తప్ప ఇంకేమీ లేకుండా ఉంచుకున్నాను. దాని మీద నా సెటప్ నిజరూపం బయటపడింది. ఒక్కొక్క లోటూ పూడ్చుకుంటూ వచ్చాను. ఆ తర్వాతి అమావాస్యకు ధర్మవరంలో ప్రోగ్రాం తెరుచుకుంది, గళ్లు కనబడ్డాయి, ఆమె ఒక నెమలి కూడా గీసింది. దాచుకుందామని నొక్కితే మళ్లీ తప్పు. నా కంప్యూటర్లో డీ అంటే హార్డ్‌డిస్కులో రెండో భాగం. డిజైన్లు దాంట్లో దాచుకోమని రాశాను. వాళ్ల ఇంట్లో డీ అంటే సీడీ డ్రైవ్. పాపం నెమలి పోయిపోయి రాయడానికి వీల్లేని సీడీ మీద కూర్చోబోయింది. ఆమె నెత్తి కొట్టుకుని, "ఇంగొక్క అమావాస్య సార్" అంది. ఆ ఇంగొక్క అన్నదాన్ని నేను బండి ఎక్కి, పెనుకొండ దాటి, హిందూపురం వచ్చేదాకా నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను.

చివరి సీడీ చేసేటప్పుడు టిక్కులన్నీ నా ముందున్నాయి. ఒక్కటి తీసేస్తే చాలు, ఇంకో నెల దొరుకుతుంది. వేలు మౌస్ మీదే ఉంది. తీయలేదు. మంచితనం కాదు. ఆమె గీసిన నెమళ్లు అట్టల్లోకి, అట్టల్లోంచి మగ్గంలోకి పోవాలి. దానికి అడ్డం పడే హక్కు నాకెక్కడిది? ఎంత ఇష్టమైనా అంత నీచానికి దిగలేకపోయాను.

ఆ అమావాస్యకు ఆమె నాయన నన్ను నడవలోకి కూడా రానివ్వలేదు. "నువ్వు ఈడనే కూచోప్పా. నువ్వు కంటికి కనబడకపోతేనే అసలు పరీక్ష" అని మగ్గాల దగ్గర స్టూలు వేశాడు. కప్పేసిన చీరల మధ్య కూర్చుని లోపలి చప్పుళ్లు విన్నాను. సీడీ తట్ట లోపలికి పోయిన చప్పుడు. కీబోర్డు మీద వేళ్లు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ప్రింటర్ కీచుకీచుమని కదిలింది. "నాయనా! వచ్చిందీ!" అని ఆమె అరుపు. ఆ అరుపులో ఎంత సంతోషముందో నాకు ఈనాటికీ వినిపిస్తుంది. అది నా పనివల్ల వచ్చిన సంతోషమే. నేను మాత్రం స్టూలు మీద నుంచి లేవలేకపోయాను.

ఒబ్బట్లు చేశారు. ఆయన నా విస్తరి పక్కన కూర్చుని నెయ్యి పోస్తూ, "ఇంగ నీకు శ్రమ ల్యాదప్పా. మా తమ్ముని ఇంట్లో పాపే పెట్టేస్తాదిలే" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే అప్పుడే చెప్పాలి. వాళ్ల కులం వేరు, మా కులం వేరు. ఆయన నన్ను ఇంట్లోకి రానిచ్చింది కంప్యూటర్ పని చేసిపెట్టే మనిషిననే అని నాకు తెలుసు. "పోయొస్తాను" అన్నాను. "పోయి రండి సార్" అంది. ఊళ్లో ఎవరైనా ఎవరితోనైనా అనే మాటలే.

తర్వాతి అమావాస్యకు అమ్మ ఆశ్చర్యపోయింది. "ఏంరా, ఈ పొద్దు పోలేదే?" అని అడిగింది. పని అయిపోయింది మా అన్నాను. అయిపోయిందా, మంచిదాయె అంది. రైలు వేళకు స్టేషన్ దాకా నడిచిపోయి, బండి కదిలిపోయేదాకా బయటే నిలబడి, ఇంటికొచ్చాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు ఇన్‌స్టిట్యూట్ ఫోన్ మోగింది. ఆమె గొంతు. కర్ణాటకలో మగ్గాలున్న ఇంటికి ఆమెను ఇచ్చారని అంతకుముందే విన్నాను. అక్కడ కొత్త కంప్యూటర్ కొన్నారట. నా సీడీ వెంట తెచ్చుకుందట. పెట్టి చూస్తాను, మీరు లైన్లోనే ఉండండి సార్ అంది.

నేను రిసీవర్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఆమె ఒక్కొక్కటే చెబుతోంది. "స్వాగతం అన్నింది. నొక్కినా. యాడ పెట్టాలని అడుగుతాండాది. సరే అన్నా. గీత పోతాండాది సార్."

కొత్త కంప్యూటర్, కొత్త విండోస్. నా సెటప్ పాతది. ఏదో ఒకటి తగ్గకపోదు అనుకున్నాను. తగ్గాలి. ఒక్క ఫైలు, ఏ చిన్నదైనా సరే. దేవుడి మీద పెద్ద నమ్మకం లేనివాణ్ని, ఆ నీలిగీత ఆగిపోవాలని ముక్కోటి దేవుళ్లకూ మొక్కుకున్నాను. ఫలానాది లేదంటోంది సార్ అని ఆమె అంటే, వస్తున్నానని చెప్పి ఆ నిమిషమే బస్సెక్కేవాణ్ని. ఆ ఊరు ఎంత దూరమైనా, ఆ రోజు ఏ తిథి అయినా.

"అయిపోయింది" అంది. "తెరుచుకునింది. గళ్లొచ్చినాయి. దాచిపెట్టినా. దాగింది."

"ఏమీ అడగలేదా? సరిగ్గా చూడండి. చిన్న డబ్బా ఏదైనా వచ్చిందేమో."

"రాలేదు సార్."

నేను రిసీవర్ పెట్టేయలేదు. ఆమె కూడా ఫోన్ పెట్టలేదు. వాళ్ల మగ్గాల చప్పుడు వినబడుతోంది. ధర్మవరంలో ఫోన్ చేసినప్పుడల్లా ఆ చప్పుడును మించి గొంతు పెంచేది. ఇప్పుడు తగ్గించింది.

"నేనూ సూస్తానే ఉన్న్యా సార్, యాడన్నా ఆగుతాదేమోనని. యాడా ఆగలేదు."